నలభై ముగ్గురి తల్లి

సొహార్ క్యాంపులో భోజనాల షెడ్డు పక్కన
నిలబెట్టారు ఆ పెట్టెను.
మీ పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి అని
అద్దం మీద నాలుగు భాషల్లో రాసుంది.
నాలుగిట్లో మనది లేదు.
అందుకే పెట్టె పక్కన నా కుర్చీ.

శుక్రవారం పొద్దున లింబాద్రి వచ్చాడు,
తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని.
ఫొటో దిగాలేమో అనుకున్నాడట.
"సెలవు చిట్టీ పెట్టాలె అన్నా, లోపలికి రానిస్తలేదు."

మొదట వేలు అడిగింది.
పదకొండేళ్ళు సలాకలకు తీగ చుట్టిన వేలు.
పెట్టాడు. తుడిచి పెట్టాడు. ఊది పెట్టాడు.
ఎడమ చేతిది పెట్టాడు.
ఆ గీతలు ఎక్కడ పోయాయో టైంకీపర్ని, నాకు తెలుసు:
కొన్ని రేవు గోడలో,
కొన్ని ఉప్పునీటి ప్లాంటు పునాదిలో.
ఓడలు వాటికి ఆనుకుని నిద్రపోతాయి.
పెట్టె మాత్రం, గుర్తుపట్టలేదు, మళ్ళీ ప్రయత్నించండి అంది.

తర్వాత, ఫోనుకు ఆరంకెలు పంపానంది.
ఏ ఫోనుకు?
చివర నలభై ఒకటి ఉన్నదానికి.
అది దేవన్న సిమ్ము. దేవన్న నిరుడే లెక్క తేల్చుకుని పోయాడు.
ఇప్పుడా నంబరు ఎవరిదో.
సలాలాలోనో సూర్‌లోనో
ముక్కూ మొహం తెలియని మనిషి జేబులో
లింబాద్రి తాళంచెవి ఒకసారి గుర్రుమని
రెండు నిమిషాలకు చచ్చిపోయింది.

మూడోది ప్రశ్న. మీ తల్లి పేరేమి?

"లసుమవ్వ."
కొట్టాను. తప్పు.
వీ ఒకటి తీసి డబ్ల్యూ పెట్టి కొట్టాను. తప్పు.
ఇంకొక్కసారే అంది.
"మా అవ్వ పేరు నాకు ఎరుక లేదా!"
అద్దం మీదికి పోతున్నాడు లింబాద్రి.
వెనక వరుసలో ఎవరో నవ్వారు.

ఏసీ గాలి కింద నాకు చెమట పట్టింది.

ఆరేళ్ళ కింద, రాత్రి పదకొండు,
కాగితాల్లో ఉన్నవాళ్ళందర్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను.
నలభై మూడు ఖాళీ గళ్ళు.
గడి నింపందే ముందుకు కదలదు.
లేపి అడగాల్సింది.
డ్యూటీ దిగి పడుకున్నారు, పాపం అనుకున్నాను.
అబద్ధం. నాకే నిద్రొచ్చింది.
మా అమ్మ పేరు కొట్టాను,
నలభై మూడుసార్లు.

ఇప్పుడు అదే మళ్ళీ కొట్టాను.
తెరుచుకుంది.

ఏం కొట్టినవ్ అన్నాడు. చెప్పాను.
చాలాసేపు నా మొహంలోకి చూశాడు,
పోలికలు వెతుకుతున్నట్టు.

నెల తిరక్కుండా మస్కట్ నుంచి షంసా వచ్చింది,
భద్రతా విభాగం.
జాబితా మీద గోరు పెట్టి కిందికి జార్చింది,
పేజీ తిప్పి మళ్ళీ జార్చింది.
"వీళ్ళందరూ అన్నదమ్ములా?"
జీతంలో మూడు రోజులు కోసుకోమన్నాను. కోశారు.
నోటుబుక్కు పట్టుకుని మంచం మంచానికీ తిరిగాను.
రాజవ్వ, ఎల్లుబాయి, షరీఫున్నీసా,
లచ్చవ్వలే ఆరుగురు.
ఒకడు చెప్పి మొహం గోడకు తిప్పుకున్నాడు.
ఒకడు పేరుతోపాటు ఆమె చేసే చింతచిగురు పప్పూ చెప్పాడు.

లింబాద్రి ఒక్కడే, నాది ఉండనీ అన్నాడు.
"మా అవ్వ పేరు రేషన్ కార్డుల ఉంది, ఆధార్ల ఉంది,
జగిత్యాల ఏజెంటు కాడ ఉంది.
మీ అమ్మ నాకు అమ్మని
ఏ దొంగ అనుకుంటడే?"

షంసాకు అనువదించి చెప్పాను.
నవ్వలేదు. రాసుకుంది.
గేటు దాకా పోయాక నవ్వింది.

ఆ పేరు ఇక్కడ రాయను.
ఇంకా ఒకరికి అది తాళమే.

కొత్త పాస్‌వర్డ్ పెట్టుకొమ్మని
నేను నీళ్ళ కూలర్ వైపు తిరిగి నిలబడ్డాను.
ఒక్కవేలితో కొడుతున్నాడు, ఆగి, వెతికి.
లెక్కపెట్టకూడదనుకున్నాను.
పన్నెండు.